పాతకాలపు కారు హెడ్‌లైట్లకు రిలేలు అమర్చడం ఎలా?

పాతకాలపు కారును ప్రాణంగా చూసుకునేవారు సైతం చీకటి పడ్డాక దానిని రోడ్డెక్కించడానికి వెనకాడుతుంటారు. హెడ్‌లైట్లు పసుపుపచ్చగా, నీరసంగా వెలుగుతాయనీ, ఆ రోజుల్లో బల్బులు అలాగే ఉండేవనీ సరిపెట్టుకుంటారు. చాలా కార్లలో లోపం బల్బులో ఉండదు. బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజిలో కొంత భాగం బల్బును చేరేలోపే సన్నని వైర్లలోనూ, అరిగిన స్విచ్చుల్లోనూ, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) కనెక్షన్లలోనూ వేడిగా మారి వృథా అవుతుంది. రిలే అంటే లోపలి కాయిలుకు (తీగచుట్టకు) చిన్న కరెంటు అందగానే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్చు. అది కొత్తగా వెలుగును పుట్టించదు. బ్యాటరీకీ బల్బుకూ మధ్య ఉన్న దారిని చిన్నది చేసి, ఆ వృథాను ఆపుతుంది. ఈ పనిని మీ చేతులతో మీరే ఎలా చేసుకోవచ్చో, ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పాత కార్ల వైరింగ్‌లో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం డ్రైవరు వేసే స్విచ్చు గుండానే ప్రవహిస్తుంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన వైరు డాష్‌బోర్డు వెనక ఉన్న లైట్ల స్విచ్చుకు చేరుతుంది. అక్కడి నుంచి కాలి దగ్గరో స్టీరింగు పక్కనో ఉండే, హై, లో బీములను మార్చే డిప్పర్ స్విచ్చుకు వెళ్లి, మళ్లీ ఇంజను గదిని దాటుకొని కారు ముందు భాగానికి వస్తుంది. 55 వాట్ల బల్బులు రెండు వెలగాలంటే 12 వోల్టుల దగ్గర సుమారు 9.2 ఆంపియర్ల కరెంటు కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి వైరు ఒక్కో మీటరుకు దాదాపు 0.018 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. ఆ వైరు అయిదు మీటర్లు సాగితే వైరులోనే 0.8 వోల్టులు పోతాయి. దానికి రెండు స్విచ్చుల కాంటాక్టులు, మధ్యలో వచ్చే కనెక్టర్లు, ఎర్త్ వైపు నష్టం కలిపితే మొత్తం రెండు వోల్టులు దాటడం పాత కార్లలో అరుదేమీ కాదు.

రెండు వోల్టులే కదా అనుకోవడానికి వీల్లేదు. ఫిలమెంటు బల్బు ఇచ్చే కాంతి వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు; వోల్టేజి నిష్పత్తిని సుమారు 3.4వ ఘాతానికి హెచ్చిస్తే వచ్చే లెక్కలో తగ్గుతుంది. అంటే బల్బుకు అందాల్సిన వోల్టేజిలో 10 శాతం తగ్గితే కాంతిలో దాదాపు 30 శాతం పోతుంది. 15 శాతం తగ్గితే 40 శాతానికి పైగా పోతుంది. మిగిలిన కాంతి కూడా ఎర్రబారి ఉంటుంది కాబట్టి కంటికి ఇంకా మసకగా తోస్తుంది.

ముందు కొలవండి

పని మొదలుపెట్టే ముందు మల్టీమీటరుతో మీ కారులో నష్టం ఎంతో, ఎక్కడో తెలుసుకోవాలి. ఈ మెట్టును దాటవేసి నేరుగా రిలేలు కొని తెచ్చేవారు చాలామంది ఉన్నారు. ఎర్త్ వైపు తుప్పు ఉన్న కారులో ఎన్ని రిలేలు పెట్టినా సగం జబ్బు అలాగే ఉండిపోతుంది.

ఇంజను నడుపుతూ, వేగాన్ని ఐడిలింగు కంటే కొంచెం పెంచి, హెడ్‌లైట్లు వేసి ఉంచండి. ముందుగా బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య వోల్టేజి చూడండి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, దాని వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ సరిగా ఉన్న 12 వోల్టుల కారులో ఇది మామూలుగా 13.5 నుంచి 14.4 వరకు ఉంటుంది. 13 కంటే తక్కువ ఉంటే ముందు చార్జింగ్ సంగతి చూడాలి. 14.8 దాటుతూ ఉంటే ఇంకా ముఖ్యంగా చూడాలి, ఎందుకంటే ఇప్పటిదాకా చెడ్డ వైరింగే మీ బల్బులను ఆ అధిక వోల్టేజి నుంచి కాపాడుతూ వచ్చింది. రిలేలు పెట్టిన మరుక్షణం అది నేరుగా ఫిలమెంటు మీద పడుతుంది. వోల్టేజి 5 శాతం పెరిగితేనే ఫిలమెంటు బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

ఆ తర్వాత హెడ్‌లైటు వెనక ఉన్న కనెక్టరును ఊడదీయకుండా, దాని వెనక వైపు నుంచి మీటరు సూదులను లోహానికి తగిలేలా లోపలికి దూర్చి బల్బు దగ్గర వోల్టేజి కొలవండి. కనెక్టరు ఊడదీసి కొలిస్తే ఉపయోగం లేదు. బల్బు కరెంటు లాగనప్పుడు వైరులో నష్టమే ఉండదు కాబట్టి ఎంత కుళ్లిన వైరైనా మీటరులో పూర్తి వోల్టేజే చూపిస్తుంది.

ఇప్పుడు నష్టాన్ని రెండు భాగాలుగా విడదీయాలి. మీటరు ఒక సూదిని బ్యాటరీ పాజిటివ్ మీద, మరో సూదిని బల్బుకు కరెంటు వచ్చే కాలు (టెర్మినల్) మీద ఉంచితే వచ్చే అంకె సరఫరా వైపు నష్టం. ఒక సూదిని బల్బు ఎర్త్ కాలు మీద, మరో సూదిని బ్యాటరీ నెగెటివ్ ధ్రువం మీదే ఉంచితే వచ్చే అంకె ఎర్త్ వైపు నష్టం. ఇది పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపిన) కారైతే ధ్రువాలను తారుమారు చేసుకోండి. రెండు దీపాలకూ, హై బీముకూ లో బీముకూ విడివిడిగా ఈ అంకెలు రాసిపెట్టుకోండి. పని అయ్యాక మళ్లీ ఇవే కొలతలు తీస్తారు. మొత్తం నష్టం అర వోల్టు లోపల ఉంటే మీ వైరింగు బాగానే ఉన్నట్టు. అప్పుడు రిలేల కంటే రిఫ్లెక్టర్లను పరీక్షించడం మంచిది. వెండి పూత మసకబారిన రిఫ్లెక్టరు ఎంత వోల్టేజి ఇచ్చినా వెలుగును ముందుకు పంపలేదు.

మీ కారు స్వభావం తెలుసుకోండి

అన్ని పాత కార్లకూ ఒకే పద్ధతి సరిపోదు. నాలుగు విషయాలు ముందే తేల్చుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

మొదటిది వోల్టేజి. 6 వోల్టుల కారులో అదే వాట్లకు కరెంటు రెట్టింపు అవుతుంది కాబట్టి రిలే కాయిలు 6 వోల్టులదై ఉండాలి, వైరు మందం రెట్టింపు కావాలి, ఫ్యూజుల లెక్క మారాలి. ఈ వ్యాసంలోని అంకెలన్నీ 12 వోల్టుల కారుకు సంబంధించినవి.

రెండవది ఎర్త్ ధ్రువం. 1960ల చివరి వరకు తయారైన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. సాధారణ రిలేకు దీనితో పేచీ లేదు. కాయిలులో కరెంటు ఎటు ప్రవహించినా అది పనిచేస్తుంది. అయితే కొన్ని రిలేల్లో కాయిలుకు అడ్డంగా డయోడు ఉంటుంది. దాని బొమ్మ రిలే ఒంటి మీదే ముద్రించి ఉంటుంది. అలాంటి రిలేలో కాయిలు రెండు చివరల్లో 86 అంకె ఉన్న కాలికి పాజిటివ్, 85కు నెగెటివ్ తప్పనిసరి. తిప్పి కలిపితే డయోడు కాలిపోతుంది. డయోడుకు బదులు రెసిస్టరు ఉన్న రిలేలు దొరుకుతాయి. పాత కారుకు అవే తీసుకోవాలని నా సలహా.

మూడవది స్విచ్చు ఎటు వైపు ఉందన్నది. అనేక కార్లలో స్విచ్చు పాజిటివ్ వైపు ఉంటుంది, బల్బు ఉమ్మడి కాలు (రెండు ఫిలమెంట్లకూ కలిపి ఉన్నది) ఎర్త్ అవుతుంది. కొన్ని పాత జపాను కార్లలో ఇది తిరగబడి ఉంటుంది: బల్బు ఉమ్మడి కాలికి పాజిటివ్ వస్తుంది, డిప్పర్ స్విచ్చు ఎర్త్‌ను కలుపుతుంది. ఏ కాలు ఏదో బల్బు కనెక్టరు దగ్గర టెస్ట్ ల్యాంపుతో చూసుకోవాలి. రంగులను బట్టి ఊహించవద్దు. విద్యుత్ పరికరాల సంస్థ లూకాస్ పద్ధతిలో వైరింగు చేసిన బ్రిటిష్ కార్లలో నీలం మీద తెల్ల చార హై బీముకు, నీలం మీద ఎర్ర చార లో బీముకు, నలుపు ఎర్త్‌కు, గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ ఫీడుకు. జర్మన్ పద్ధతిలో తెలుపు హై బీముకు, పసుపు లో బీముకు, ఎరుపు బ్యాటరీ ఫీడుకు, గోధుమ రంగు ఎర్త్‌కు. ఒక దేశపు కారులో ఫ్యూజు లేకుండా బ్యాటరీకి అంటిపెట్టుకుని ఉన్న వైరు రంగే మరో దేశపు కారులో ఎర్త్ రంగు అన్నమాట. పైగా ఇన్నేళ్లలో ఏ మెకానిక్కు ఏ రంగు వైరు అతికించి ఉంటాడో ఎవరికీ తెలియదు.

నాలుగవది అమ్మీటరు, అంటే బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును చూపే మీటరు. డాష్‌బోర్డులో అమ్మీటరు ఉన్న కారులో కొత్త ఫీడును నేరుగా బ్యాటరీ ధ్రువం నుంచి తీస్తే, ఆల్టర్నేటరు నుంచి హెడ్‌లైట్లకు వెళ్లే కరెంటంతా అమ్మీటరు గుండా వెళ్లాలి. ముల్లు బ్యాటరీ జోరుగా చార్జ్ అవుతున్నట్టు అబద్ధం చెబుతుంది, అమ్మీటరు వైర్ల మీద అనవసరమైన భారం కూడా పడుతుంది. అలాంటి కారులో ఫీడును ఆల్టర్నేటరు అవుట్‌పుట్ స్టడ్ నుంచి తీయాలి. ఆల్టర్నేటరుకు బదులు పాతరకం జనరేటరు, అంటే డైనమో ఉన్న కారులో కంట్రోల్ బాక్సు మీద ఇతర లోడ్లు కలిపి ఉన్న టెర్మినల్ నుంచి తీయాలి. అమ్మీటరు లేని ఆల్టర్నేటరు కార్లలో బ్యాటరీ పాజిటివ్ అయినా, దాని లావు వైరు వచ్చి కలిసే స్టార్టర్ సొలెనాయిడ్ స్టడ్ అయినా సరిపోతుంది.

డైనమో గురించి ఇంకొక్క మాట. లూకాస్ సీ40 వంటి డైనమో పూర్తి సామర్థ్యంతో ఇచ్చేది 22 ఆంపియర్ల ప్రాంతంలోనే, ఐడిలింగులో దాదాపు ఏమీ ఇవ్వదు. రిలేలు పెట్టాక బల్బులు తమకు రావలసిన కరెంటును పూర్తిగా తీసుకుంటాయి కాబట్టి లోడు కొంచెం పెరుగుతుంది. మామూలు వాటేజి బల్బులతో ఇది పెద్ద సమస్య కాదు. 100 వాట్ల బల్బులు వేద్దామన్న ఆలోచన మాత్రం మానుకోండి: అనేక దేశాల్లో అవి రోడ్డు మీద చట్టబద్ధం కావు, ఆ వేడికి రిఫ్లెక్టరు పూత, కనెక్టరు రెండూ పాడవుతాయి. పూర్తి వోల్టేజి అందిన 60/55 వాట్ల హెచ్4 (హై, లో బీములకు రెండు ఫిలమెంట్లున్న హ్యాలోజన్) బల్బు, ఆకలితో మాడుతున్న 100 వాట్ల బల్బు కంటే నిలకడగా, తెల్లగా వెలుగుతుంది.

సమకూర్చుకోవలసినవి

రిలేలు రెండు కావాలి: ఒకటి లో బీముకు, ఒకటి హై బీముకు. 12 వోల్టుల కాయిలుతో, 30 లేదా 40 ఆంపియర్ల కాంటాక్టులతో దొరికే మామూలు ఆటోమొబైల్ రిలేలే చాలు. వెలిగే క్షణంలో చల్లటి ఫిలమెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి రేటింగు ఇంత ఉండటం అవసరమే. రెండూ ఒకే రకానివి తీసుకోండి. దారిలో లో బీము రిలే చెడిపోతే హై బీముది పీకి అక్కడ పెట్టుకోవచ్చు.

రిలే అడుగున కాళ్ల పక్కన అంకెలు ఉంటాయి. 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చే ఫీడు. 87 అంటే బల్బుకు వెళ్లే అవుట్‌పుట్. 85, 86 కాయిలు రెండు చివరలు. అయిదు కాళ్ల రిలే అయితే మధ్య కాలు మీద ఏం రాసి ఉందో వెలుతురులో పెట్టి చదవండి. అక్కడ కూడా 87 అనే ఉంటే అది రెండు అవుట్‌పుట్‌ల రిలే. ఎడమ, కుడి దీపాలకు విడివిడిగా వైర్లు తీయడానికి అదే అనువైనది. 87ఎ అని ఉంటే అది వేరే జాతి. రిలే పనిచేయనప్పుడు ఆ కాలు 30తో కలిసి ఉంటుంది. పొరపాటున బల్బును దానికి కలిపితే, స్విచ్చు వేసినప్పుడు దీపం ఆరి, స్విచ్చు ఆపినప్పుడు వెలుగుతుంది. కారు షెడ్డులో ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. బయటికి రెండు రిలేలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ అక్షరం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

వైర్ల విషయంలో పొదుపు పనికిరాదు. బ్యాటరీ నుంచి రిలేల దాకా 4 చదరపు మిల్లీమీటర్లు, రిలే నుంచి ఒక్కో బల్బుకూ 2.5 చదరపు మిల్లీమీటర్లు, ఎర్త్‌లకు కూడా 2.5, కాయిలును నడిపే సిగ్నల్ వైర్లకు 0.75 లేదా 1 సరిపోతాయి. ఇళ్ల వైరింగుకు వాడే లావు పోగుల వైరు వద్దు. కంపనానికి దాని పోగులు తెగిపోతాయి. సన్నని పోగులతో, నూనెకూ వేడికీ తట్టుకునే తొడుగుతో వాహనాల కోసమే తయారైన వైరు తీసుకోండి. వీటితో పాటు 6.3 మిల్లీమీటర్ల బ్లేడు టెర్మినళ్లు, స్టడ్‌లకు రింగు లగ్గులు, రిలే సాకెట్లు రెండు, మూతగల ఫ్యూజు బాక్సు, బల్బులకు కొత్త హోల్డర్లు, హీట్ ష్రింక్ స్లీవులు, వైర్ల కట్టకు తొడగడానికి గొట్టం కావాలి. హోల్డర్లు పింగాణీవైతే వేడికి కరగవు.

టెర్మినల్‌ను వైరు చివర నొక్కి బిగించే క్రింపింగు ప్లయరు మాత్రం మంచిది కొనండి. వైరు పోగులనూ వైరు తొడుగునూ విడివిడిగా బిగించే ప్లయరుతో చేసిన క్రింపు, మామూలు కటింగ్ ప్లయరుతో నొక్కిన క్రింపు పైకి ఒకేలా కనిపించవచ్చు. రెండో రకంలో గాలి చొరబడి, రెండు వర్షాకాలాలు గడిచేసరికి పోగులు పచ్చబడి, మీరు ఏ నష్టాన్ని పోగొట్టడానికి ఇదంతా చేశారో అదే నష్టం తిరిగి వస్తుంది. క్రింపు చేసిన ప్రతి వైరునూ చేత్తో గట్టిగా లాగి చూడండి. ఊడి వచ్చేదేదైనా ఉంటే బల్ల మీదే ఊడి రావాలి.

ఫ్యూజులు

చాలా పాత కార్లలో హెడ్‌లైట్లకు ఫ్యూజు ఉండదు. ఫ్యూజు పోతే ఒక్కసారిగా రెండు దీపాలూ ఆరిపోతాయన్న భయంతో అప్పటి తయారీదారులు కొందరు కావాలనే పెట్టలేదు. ఆ భయం సహేతుకమైనదే. అందుకే రెండు దీపాలకు కలిపి ఒకే ఫ్యూజు పెట్టే పద్ధతిని నేను ఒప్పుకోను. ఎడమ లో, కుడి లో, ఎడమ హై, కుడి హై అని నాలుగింటికీ విడివిడిగా 10 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టండి. ఒకటి పోయినా మూడు మిగులుతాయి.

వీటికి ముందు, ఫీడు బయలుదేరే చోటికి ఒక జానెడు దూరంలోనే, 30 ఆంపియర్ల ప్రధాన ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది తన తర్వాత ఉన్న వైరునే. బ్యాటరీ నుంచి మీటరు దూరం వచ్చాక ఫ్యూజు పెడితే, ఆ మీటరు వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలిన రోజున దానికి అడ్డు ఉండదు. మీ కారులో అప్పటి గాజు ఫ్యూజులనే వాడదలచుకుంటే వాటి మీద అంకెను జాగ్రత్తగా అర్థం చేసుకోండి. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే కరెంటు. నిలకడగా మోయగలిగేది 17 ఆంపియర్లు మాత్రమే.

కలపడం

బ్యాటరీ ఎర్త్ వైరును ముందుగా ఊడదీయండి. పని పూర్తయ్యాక అన్నిటికంటే చివర దానిని కలపండి. ఈ వరుస ఏ ధ్రువం ఎర్త్ అయిన కారుకైనా ఒకటే.

రిలేలకు చోటు ఎంచుకునేటప్పుడు నీళ్లు చిమ్మని, ఎగ్జాస్టు వేడి తగలని, హెడ్‌లైట్లకు దగ్గరగా ఉన్న స్థలం చూడండి. రేడియేటరు పక్కన లోపలి ఫెండరు గోడ చాలా కార్లలో అనువుగా ఉంటుంది. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించండి. కాళ్లు పైకి ఉంటే వైర్ల వెంట జారిన నీరు సాకెట్టులోనే నిలుస్తుంది. కొత్తగా రంధ్రం వేయకుండా, అప్పటికే ఉన్న బోల్టు కింద చిన్న రేకు పట్టీ పెట్టి దానికి బిగిస్తే రేపు కారును అసలు రూపానికి తీసుకురావడం తేలిక.

కారు అసలు వైరింగులో ఒక్క వైరును కూడా కత్తిరించవలసిన పని లేదు. ఒక హెడ్‌లైటు వెనక ఉన్న పాత కనెక్టరును బల్బు నుంచి ఊడదీసి, దానిలో మూడు బ్లేడ్ల ప్లగ్గును గుచ్చండి. అందులో హై బీము కాలు నుంచి ఒక సన్నని వైరును హై బీము రిలే 86కు, లో బీము కాలు నుంచి మరొకదానిని లో బీము రిలే 86కు తీసుకెళ్లండి. రెండు రిలేల 85 కాళ్లనూ ఎర్త్‌కు కలపండి. ఇంతకుముందు తొమ్మిది పది ఆంపియర్లు మోసిన ఆ పాత వైర్లు, స్విచ్చులు ఇక నుంచి మోసేది 0.2 ఆంపియరుకు మించదు. డాష్‌బోర్డు స్విచ్చులో కాంటాక్టులు మాడటం ఆగిపోతుంది. దొరకని పాత స్విచ్చు ఉన్నవారికి వెలుగు కంటే ఇదే పెద్ద లాభం కావచ్చు. రెండో దీపం దగ్గరి పాత కనెక్టరు ఇక అవసరం లేదు. దానికి ఇన్సులేషన్ చుట్టి, స్లీవు తొడిగి, కదలకుండా కట్టండి. స్విచ్చు వేసినప్పుడల్లా అందులోకి కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి తెరిచి వదిలేయకూడదు.

ఇక బరువైన వైపు. ప్రధాన ఫ్యూజు నుంచి వచ్చిన 4 చదరపు మిల్లీమీటర్ల వైరును రెండుగా చీల్చి రెండు రిలేల 30 కాళ్లకు కలపండి. లో బీము రిలే మొదటి 87 నుంచి ఫ్యూజు గుండా ఎడమ దీపం లో కాలికి, రెండో 87 నుంచి మరో ఫ్యూజు గుండా కుడి దీపం లో కాలికి వైర్లు వెళ్లాలి. హై బీము రిలే కూడా అంతే. బల్బు మీద ఏ కాలు ఏ ఫిలమెంటుదో తేల్చుకోవడానికి బల్బును విడిగా పట్టుకుని, చిన్న బ్యాటరీతో ఒక్క క్షణం వెలిగించి చూస్తే సందేహం ఉండదు. హ్యాలోజన్ బల్బు గాజును మాత్రం వేళ్లతో తాకకండి.

నాలుగు దీపాల కార్లలో హై బీము వేసినప్పుడు బయటి దీపాలు, లోపలి దీపాలు కలిసి వెలుగుతాయి. అక్కడ హై బీము రిలే మోసే కరెంటును మీ బల్బుల వాటేజిని 12తో భాగించి లెక్క వేసుకుని, అవసరమైతే లోపలి జతకు మూడో రిలే పెట్టండి.

స్విచ్చు ఎర్త్ వైపు ఉన్న కారులో సిగ్నల్ వేరుగా వస్తుంది: రెండు రిలేల 86లకూ పాత కనెక్టరులోని ఉమ్మడి పాజిటివ్ కాలు నుంచి వైరు ఇచ్చి, 85లను పాత హై, లో కాళ్లకు కలపాలి. రిలే తర్వాతి భాగంలో ఏ మార్పూ ఉండదు. కొత్త హోల్డర్లలో ఉమ్మడి కాలు ఇప్పుడు ఎర్త్ అవుతుంది. అయితే ఇలాంటి కొన్ని కార్లలో హై బీము సూచిక దీపం అసలు బల్బుల ఫిలమెంటు గుండా కరెంటు తీసుకునేలా కట్టి ఉంటుంది. ఆ కార్లలో పని అయ్యాక ఆ సూచిక సరిగా వెలుగుతోందో లేదో ప్రత్యేకంగా చూడాలి.

వైర్లు రేకును దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. ఫ్యాను తిరిగే దారికీ, బోనెట్ కడ్డీ కదిలే దారికీ దూరంగా కట్టను నడిపించి, కొద్ది దూరానికోసారి బిగించండి.

ఎర్త్

సర్క్యూట్‌లో సగం ఎర్త్ వైపే ఉంది, దానిని పట్టించుకునేవారు తక్కువ. పాత కార్లలో హెడ్‌లైటు ఎర్త్ వైరు తరచుగా దీపపు గిన్నెకో, ఫెండరు రేకుకో స్క్రూతో బిగించి ఉంటుంది. ఆ ఫెండరు బాడీకి బోల్టులతో కలిసి ఉంటుంది, ఆ బోల్టుల కింద రంగు, తుప్పు, సీలెంటు పేరుకుని ఉంటాయి. కారుకు కొత్తగా రంగు వేయించాక లైట్లు మసకబారాయంటే ముందు అనుమానించవలసింది ఇక్కడే.

ఒక్కో దీపం నుంచీ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును ఒకే చోటికి తెచ్చి, అక్కడి నుంచి బ్యాటరీ ఎర్త్ వైరు బాడీని కలిసే బోల్టు దగ్గరికో, నేరుగా బ్యాటరీ ఎర్త్ ధ్రువానికో 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకెళ్లండి. బాడీ రేకునే నమ్ముకోవలసి వస్తే లగ్గు కూర్చునే చోట రంగును గీకి లోహం మెరిసేలా చేసి, పళ్ల వాషరు వేసి బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూయండి. జెల్లీ తేమను ఆపుతుంది. ముందే పూసి బిగించడం కంటే బిగించాక పూయడం మేలు. బ్యాటరీ నుంచి బాడీకీ, ఇంజనుకూ వెళ్లే పట్టీల చివరలు కూడా ఇదే సందర్భంలో శుభ్రం చేసుకోండి.

పరీక్షించడం

నాలుగు చిన్న ఫ్యూజులనూ తీసి, ప్రధాన ఫ్యూజు స్థానంలో ఫ్యూజుకు బదులు 21 వాట్ల ఇండికేటరు బల్బును రెండు వైర్లతో కలపండి. ఇప్పుడు బ్యాటరీ కలిపినప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగితే ఫ్యూజుకూ రిలేలకూ మధ్య వైరు ఎక్కడో బాడీకి తగులుతోందన్నమాట. బల్బు అడ్డుగా ఉంది కాబట్టి వైరు కాలకుండానే లోపం బయటపడుతుంది. తర్వాత చిన్న ఫ్యూజులను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. లైట్లు వేయనంత వరకు పరీక్ష బల్బు చీకటిగానే ఉండాలి. వెలిగితే 87ఎ తప్పు జరిగి కరెంటు ముందుకు దాటుతోందన్నమాట. లైట్ల స్విచ్చు వేస్తే రిలే టక్కుమని మోగి, పరీక్ష బల్బు వెలుగుతుంది. హెడ్‌లైటు మాత్రం వెలగదు, ఎందుకంటే వోల్టేజి దాదాపు అంతా చిన్న బల్బు మీదే పడుతుంది. ఇది సవ్యమైన లక్షణమే. అంతా సరిగా ఉందనిపిస్తే పరీక్ష బల్బు తీసి అసలు ఫ్యూజు పెట్టండి.

రిలే ఒక్కసారి టక్కుమనకుండా గరగరమని కొట్టుకుంటూ ఉంటే కాయిలుకు వోల్టేజి చాలడం లేదని అర్థం. పాత స్విచ్చులోనో, 85 కాలు ఎర్త్‌లోనో లోపం ఉంటుంది. అలా వదిలేస్తే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, అప్పుడు దీపాలు ఆరవు.

డాష్‌బోర్డులోని హై బీము సూచిక ఇప్పటికీ పాత వైరు నుంచే కరెంటు తీసుకుంటుంది. అంటే స్విచ్చు సిగ్నల్ పంపిందని మాత్రమే అది చెబుతుంది. ఫ్యూజు పోయి దీపం వెలగకపోయినా సూచిక వెలుగుతూనే ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, కారును ఇతరులు నడిపితే వారికీ చెప్పాలి.

ఇప్పుడు మొదట తీసిన కొలతలన్నీ అదే పద్ధతిలో మళ్లీ తీయండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీటరుకు సుమారు 0.007 ఓమ్‌లే చూపుతుంది, ఒక్కో వైరు మోసేది ఒక బల్బు కరెంటునే. కాబట్టి సరఫరా వైపు 0.3 వోల్టు, ఎర్త్ వైపు 0.1 వోల్టు మించకుండా రావడం సాధ్యమే. ఒక దీపానికి మాత్రమే ఎక్కువ నష్టం కనిపిస్తే ఆ వైపు ఫ్యూజు హోల్డరు, బల్బు హోల్డరు క్రింపు చూడండి. సూదిని ఒక్కో కనెక్షనూ దాటిస్తూ పోతే అంకె ఎక్కడ ఒక్కసారిగా ఎగిరిందో అక్కడే లోపం.

దీపాల గురి

వెలుగు పెరిగిన తర్వాత ఇంతవరకు ఎవరినీ ఇబ్బంది పెట్టని తప్పు గురి ఎదుటివారి కళ్లలో పడుతుంది. అందువల్ల గురి సరిచేయకుండా కారును రాత్రి రోడ్డు మీదికి తీసుకెళ్లకండి. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో, టైర్లలో సరైన గాలితో, డ్రైవరు సీటులో ఒకరు కూర్చుని ఉండగా కారును నిలిపి, దీపాల మధ్య బిందువుల ఎత్తును గోడ మీద గుర్తించండి. లో బీము పై అంచు ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్లు కింద పడేలా స్క్రూలు తిప్పండి. పైకి లేచే వాలు ఉన్న బీము అయితే ఆ వాలు రోడ్డు అంచు వైపు ఉందో లేదో చూసుకోండి. ఎడమ వైపు నడిచే రోడ్ల లెన్సు, కుడి వైపు నడిచే రోడ్ల లెన్సు ఒకటి కావు. రోడ్డుకు మరో వైపున నడిచే దేశం నుంచి వచ్చిన కారైతే లెన్సు మార్చక తప్పదు. మీ ప్రాంతపు నిబంధనలు వేరే కొలత చెబితే దానినే పాటించండి.

మొదటిసారి అరగంట పాటు లైట్లు వేసి నడిపాక కారు ఆపి, బోనెట్ ఎత్తి, రిలే సాకెట్లనూ, ఫ్యూజు బాక్సునూ, ప్రతి లగ్గునూ చేత్తో తాకి చూడండి. రిలే ఒళ్లు కాయిలు వల్ల గోరువెచ్చగా ఉండటం సహజం. ఏదైనా టెర్మినల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దానిని కత్తిరించి కొత్తగా క్రింపు చేయండి. ఏ ఫ్యూజు దేనిదో, ఏ రంగు వైరు ఎటు వెళ్తుందో చూపే బొమ్మను గీసి, రెండు అదనపు ఫ్యూజులతో సహా ఫ్యూజు బాక్సు మూత లోపల అంటించి ఉంచండి.